మన పాలు అమ్మే కొట్టు ఫోనులో కనబడాలి

(సభ్య సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల సమావేశంలో సమాఖ్య మార్కెటింగు విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మామూలుగా ఈ వేదిక మీద మనం పచ్చిమేత గురించి, గాలికుంటు టీకాల గురించి, వెన్న శాతం గురించి మాట్లాడుకుంటాము. ఈ పూట కొట్టు గురించి మాట్లాడదలచాము. పాలు పోసేవారికి కొట్టు సంగతి ఎందుకని కొందరికి అనిపించవచ్చు. ఒక్కసారి ఆలోచించండి. తెల్లవారుజామున మీరు పితికిన పాలు సంఘానికి వస్తాయి. నమూనా తీసి వెన్న, ఎస్.ఎన్.ఎఫ్. చూస్తారు. పాలు శీతల కేంద్రానికి, అక్కడి నుంచి డెయిరీకి పోతాయి. వేడిచేసి, చల్లబరచి, ప్యాకెట్లలో నింపి, ట్రేలలో సర్ది, వ్యానెక్కించి పట్నంలో కొట్టు ముందు దించుతారు. ఇంత ప్రయాణంలో ఎక్కడా ఒక్క రూపాయి రాలేదు. అంతా ఖర్చే. రూపాయి వచ్చేది ఆ కొట్టు గట్టు మీద, గృహిణి చెయ్యి చాచి ప్యాకెట్టు అందుకున్నప్పుడు. ఆ రూపాయిలో నుంచే మీ పాల బిల్లు, మీ బోనసు. కనుక కొట్టు బాగోగులు మన బాగోగులే.

ఆ కొట్టు మన సొంతం కాదు. పాల బూత్ నడిపే ఏజెంటుది, కిరాణా వ్యాపారిది, మిఠాయి అంగడి వాడిది. తన పెట్టుబడితో, తన కుటుంబం కష్టంతో నడుపుకొనే స్వతంత్ర వ్యాపారి అతడు. అటువంటి కొట్టును ఫోనులో సరుకు వెతుక్కునే కొనుగోలుదారు కంటబడేలా చేయడం ఎట్లాగో ఈనాడు మన ముందున్న విషయం.

దారి ఎవరి చేతిలో ఉంటే ధర వారి చేతిలో

ఈ మాట మనకు కొత్త కాదు. గుజరాతులోని ఖేడా జిల్లా రైతులు దీనిని 1946లోనే నేర్చుకున్నారు. అప్పట్లో ఆ జిల్లా పాలు బొంబాయికి చేర్చే దారి పోల్సన్ అనే ప్రైవేటు కంపెనీ చేతిలో ఉండేది. పాలు రైతువి, తాగేది బొంబాయివారు, ధర చెప్పేది మాత్రం మధ్యనున్న కంపెనీ. సర్దార్ పటేల్ సలహా మేరకు 1946 జనవరిలో సమర్ఖా గ్రామంలో మొరార్జీ దేశాయి ఆధ్వర్యంలో సభ జరిగింది. రైతులు పదిహేను రోజులు పాలు పోయడం మానివేశారు. ఆ సంవత్సరం డిసెంబరు 14న, త్రిభువన్‌దాస్ పటేల్ నాయకత్వాన ఖేడా జిల్లా యూనియను రిజిస్టరయింది. రెండే రెండు గ్రామ సంఘాలు, రోజుకు సుమారు 250 లీటర్ల పాలు. మన ఆనంద్ పద్ధతికి మూలం అదే.

ఆ రైతులు అడిగింది ఎక్కువ గేదెలు కాదు, ఎక్కువ దాణా కాదు. తమ పాలు కొనేవాని దాకా పోయే దారి తమ చేతిలో ఉండాలని అడిగారు. ఈనాడు ఆ దారిలో ఫోను కూడా ఒక మజిలీ అయింది.

మారిన కొనుగోలు తీరు

పట్నాల్లో సంగతి మీకు తెలియనిది కాదు. నిమిషాల్లో ఇంటికి సరుకు తెచ్చే కంపెనీలు వచ్చాయి. వాటికి వీధిలో కొట్లు లేవు, జనం అడుగుపెట్టని గోదాములున్నాయి. ఆ గోదాములో ఏ డెయిరీ పాలు పెట్టాలో, ఫోను తెర మీద ఏది ముందు చూపాలో ఆ కంపెనీ నిర్ణయించుకుంటుంది. దానిని తప్పుపట్టడం లేదు, అది వారి వ్యాపారం. కాని మన పాల అమ్మకమంతా అటువంటి తెర మీదనే ఆధారపడే రోజు వస్తే, ధర మాట మళ్ళీ మధ్యవాని నోట వినవలసి వస్తుంది.

అయితే జనమందరూ ఇంటికే తెప్పించుకోవడం లేదు. చాలామంది ఫోను తీసి "దగ్గరలో పాల బూత్" అనో, "గేదె పెరుగు ఎక్కడ దొరుకుతుంది" అనో వెతికి, కాళ్ళకు పని చెప్పి వెళ్ళి కొంటున్నారు. కొందరు ఇంగ్లీషులో టైపు చేస్తారు, కొందరు తెలుగులో. మరికొందరు ఫోనుకు నోటితోనే చెబుతారు. అప్పుడు తెర మీద నాలుగైదు కొట్ల పేర్లు వస్తాయి. ఆ నాలుగైదింటిలో మన ఏజెంటు కొట్టు ఉన్నదా? ఇదీ ప్రశ్న.

"ఇరవై ఏళ్ళుగా ఇక్కడే ఉన్నాను, ఈ వీధిలో నన్నెరుగనివారెవరు?" అని ఏజెంటు అనవచ్చు. నిజమే, పాతవారందరికీ ఆయన తెలుసు. కాని వెనక వీధిలో కొత్తగా లేచిన అపార్టుమెంటులో దిగిన కుటుంబానికి తెలియదు. కాలేజీ పక్కన గది తీసుకున్న విద్యార్థులకు తెలియదు. బదిలీ మీద వచ్చిన బ్యాంకు ఉద్యోగికి తెలియదు. పాత వాడిక తరుగుతూ ఉంటుంది, కొత్త వాడిక పెరుగుతూ ఉండాలి. ఈనాడు కొత్తవారు వీధిలో మనిషిని అడగడానికి ముందు ఫోనును అడుగుతున్నారు.

చిన్న కొట్టుకున్న పెద్ద బలం

ఇక అసలు మాట. దగ్గరలోని కొట్లను చూపేటప్పుడు ప్రధానంగా మూడు సంగతులు లెక్కలోకి తీసుకుంటామని గూగుల్ కంపెనీ చెబుతున్నది. మొదటిది, అడిగినదానికీ కొట్టులో ఉన్న సరుకుకూ పొంతన. రెండవది, అడిగిన మనిషికీ కొట్టుకూ దూరం. మూడవది, ఆ కొట్టుకు నలుగురిలో ఉన్న పేరు.

ఈ మూడింటిలో రెండవదానిని గమనించండి. పేరులో పెద్ద కంపెనీ మనకంటె ముందుంటుంది. దూరం విషయంలో మాత్రం వీధి మొగలో ఉన్న చిన్న కొట్టుదే పైచేయి. పాలు రోజూ కావలసినవి, నిలవుండనివి, అర లీటరు కోసం ఎవరూ రెండు మైళ్ళు పోరు. దగ్గరితనం మన ఏజెంటుకు పుట్టుకతో వచ్చిన ఆస్తి. కాని ఆ కొట్టు పటంలో నమోదు కాకపోతే, అది ఇంటి పక్కనే ఉన్నా ఫోనుకు మాత్రం లేనట్టే. గాదెలో ధాన్యముండి పస్తున్న చందం.

ఈ నమోదుకు రుసుము లేదు. ఒక ఫోను, ఒక ఈ-మెయిలు ఖాతా ఉంటే చాలు. 2016లో యు.పి.ఐ. వచ్చినప్పుడు ఇది మనవల్ల అవుతుందా అని సందేహించిన కొట్లలోనే ఈనాడు గల్లాపెట్టె ముందు క్యూఆర్ అట్ట ఉన్నది. ఇది దానికంటె కష్టమేమీ కాదు.

నమోదులో చూసుకోవలసినవి

1. పేరు: బోర్డు మీద ఏ పేరున్నదో అదే వ్రాయాలి. "నంబర్ వన్ నాణ్యమైన పాలు, పెరుగు, నెయ్యి" అంటూ పేరుకు తోకలు తగిలించరాదు. అది నియమాలకు విరుద్ధం, నమోదు రద్దు కావచ్చు. వీలైనచోట తెలుగు పేరు కూడా చేర్చండి.

2. రకం: పాల కొట్టా, కిరాణా కొట్టా, మిఠాయి అంగడా అన్నది సరిగ్గా ఎంచుకోవాలి. పొంతన చూసేది దీనిని బట్టే.

3. చోటు: మన ఊళ్ళలో చిరునామా అంటే "రామాలయం ఎదురుగా, వేపచెట్టు పక్కన" అని చెబుతాము. మనిషికి అది చాలు, యంత్రానికి చాలదు. కొట్టు ముందు నిలబడి పటం మీద గుర్తును సరిగ్గా గుమ్మం దగ్గర పెట్టాలి. 1972 ఆగస్టు 15న పిన్‌కోడు వచ్చింది. అది తపాలా బట్వాడా ప్రాంతాన్ని చెబుతుందే గాని గుమ్మాన్ని చెప్పదు. 2025 మే నెలలో తపాలా శాఖ డిజిపిన్ అనే కొత్త పద్ధతిని తెచ్చింది. మన హైదరాబాదు ఐ.ఐ.టి., ఇస్రో వారి జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఇందులో పాలుపంచుకున్నాయి. దేశాన్నంతా సుమారు 4 మీటర్ల గళ్ళుగా విభజించి, ఒక్కొక్క గడికి 10 అక్షరాలు, అంకెల గుర్తు ఇచ్చారు. డోరు నంబరు లేని కొట్టుకు ఇది చక్కగా ఉపయోగిస్తుంది. చిరునామాతోపాటు వ్రాసి ఉంచండి.

4. వేళలు: పాల కొట్టుకు ఇది ప్రాణం. తెల్లవారి ఎన్ని గంటలకు తీస్తారు, మధ్యాహ్నం మూస్తారా, సాయంత్రం ట్రేలు ఎప్పుడు వస్తాయి అన్నది ఉన్నదున్నట్టు వ్రాయాలి. సంక్రాంతికి, దసరాకు, గ్రామ జాతరకు వేళ మారితే ముందురోజే మార్చాలి.

5. సరుకు: పాలు అని ఒక్కమాటతో ఊరుకోవద్దు. ఆవు పాలా, గేదె పాలా, పెరుగు, మజ్జిగ, వెన్న, నెయ్యి, పాలకోవా అన్నీ విడివిడిగా చేర్చండి. పెద్ద గోదాములో దొరకనిది మన కొట్టులో ఉంటే దానిని ముందు పెట్టండి. కుండ పెరుగు అటువంటిది. ఈనిన గేదె జున్నుపాలు సంఘంలో పోయకూడదని మనమందరం పాటిస్తున్న నియమం. ఆ పాలతో శుభ్రంగా జున్ను చేసి అమ్మే కొట్టు ఉంటే, జున్ను వచ్చిన రోజున ఒక ఫొటో పెట్టమనండి. జున్ను కోసం పట్నంలో ఎంతమంది వెతుకుతారో అప్పుడు తెలుస్తుంది.

6. ఫొటోలు: బోర్డు కనబడేలా ఒకటి, వీధి తెలిసేలా ఒకటి, ఫ్రిజ్జు లోపల సరుకు కనబడేలా ఒకటి చాలు. పగటి వెలుగులో తీయాలి. ఇంకెవరి ఫొటోలో తెచ్చి పెట్టవద్దు.

7. ఫోను నంబరు, లైసెన్సు: పలికే నంబరే ఇవ్వాలి. ఆహార భద్రతా లైసెన్సు లేదా రిజిస్ట్రేషనులోని 14 అంకెల నంబరు కొట్టులో కనబడేచోట ఉంచాలి.

కొట్టు లేకుండా ఇంటింటికీ పాలు వేసే ఏజెంట్లు కూడా నమోదు కావచ్చు. వారు ఇంటి చిరునామా చూపకుండా, ఏయే పేటల్లో పాలు వేస్తారో మాత్రం చెప్పవచ్చు. అట్లే మన సంఘాలు నేరుగా వినియోగదారులకు పాలు, నెయ్యి అమ్ముతున్నచోట సంఘం పేరు కూడా పటంలో ఉండాలి.

కల్తీ పనికిరాదు

పాలలో నీళ్ళు కలిపితే లాక్టోమీటరు చెబుతుంది. నమోదులో నీళ్ళు కలిపితే కొనుగోలుదారు చెబుతాడు. ఆరింటికి తీస్తామని వ్రాసి ఏడింటికి తీస్తే, చంటిబిడ్డ పాల కోసం వచ్చిన తల్లి తాళం చూసి తిరిగి వెళుతుంది. ఆమె మళ్ళీ రాదు, పదిమందికి చెబుతుంది, ఆ మాట తెర మీద నిలిచిపోతుంది. అసలు నమోదు లేకపోవడం కంటె తప్పు నమోదు చేటు.

మూడవ సంగతి పేరు అన్నాము కదా. అది కొన్నవారు వ్రాసే అభిప్రాయాలను బట్టి కూడా వస్తుంది. రోజూ వచ్చే ఖాతాదారును "ఒక మాట వ్రాయండమ్మా" అని అడగడంలో తప్పు లేదు. కాని చుట్టాల చేత, కొట్టు కుర్రవాళ్ళ చేత పొగడ్తలు వ్రాయించరాదు, డబ్బిచ్చి అసలే వ్రాయించరాదు. ఆన్‌లైన్ అమ్మకాలకు సంబంధించి 2020లో వచ్చిన వినియోగదారుల రక్షణ నియమాల ప్రకారం అమ్మకందారు తానే కొనుగోలుదారునని చెప్పుకొని అభిప్రాయం వ్రాయడం నిషిద్ధం. 2022లో భారత ప్రమాణాల సంస్థ ఈ అభిప్రాయాల విషయమై ఐ.ఎస్. 19000 అనే ప్రమాణం కూడా వెలువరించింది.

ఎవరైనా పాలు విరిగాయని వ్రాస్తే కోపగించుకోవద్దు. మర్యాదగా జవాబు వ్రాసి, ప్యాకెట్టు మార్చి ఇచ్చి, బ్యాచి నంబరు మాకు తెలియజేయండి. ఆ జవాబును చూసే కొత్తవారికి కొట్టు మీద గురి కుదురుతుంది.

మోసగాళ్ళతో జాగ్రత్త

నమోదయిన కొద్ది రోజులకే ఫోన్లు మొదలవుతాయి. "ఇంత కడితే మీ కొట్టును మొదటి స్థానంలో పెడతాము" అంటారు. డబ్బు పుచ్చుకొని ఆ వరుసలో స్థానం పెంచడం లేదని గూగుల్ కంపెనీయే చెబుతున్నది. డబ్బు కట్టి వేయించుకునే ప్రకటనలు వేరు, అవి ప్రకటనలని గుర్తుతోనే కనబడతాయి. ఓటీపీ చెప్పమంటే చెప్పవద్దు. వారు పంపిన లింకులు నొక్కవద్దు. డబ్బు పోతే ఆలస్యం చేయక వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి.

ఇంకొక ముఖ్య విషయం. నమోదు ఎవరి ఖాతాతో చేస్తే తాళంచెవి వారి దగ్గర ఉంటుంది. సాయం చేసిన కుర్రవాడు తన సొంత ఖాతాతో చేసి, రేపు ఉద్యోగం మీద బెంగుళూరు వెళితే, వేళలు మార్చేవారుండరు. కొట్టు నమోదు కొట్టు యజమాని ఖాతాలోనే ఉండాలి, సాయం చేసేవారిని నిర్వాహకులుగా చేర్చుకోవచ్చు. సంఘం నమోదు సంఘం ఖాతాలో ఉండాలి. కార్యదర్శి మారినప్పుడు క్యాషు పుస్తకం, స్టాకు రిజిస్టరుతోపాటు ఈ ఖాతాను కూడా వ్రాతపూర్వకంగా అప్పగించాలి.

కనబడటం వేరు, ఇంటికి చేర్చడం వేరు

కొందరు ఇక ఆన్‌లైనులోనే అమ్మేద్దామని ఉత్సాహపడుతున్నారు. లెక్క చూసుకొని అడుగు వేయమని మా సలహా. అర లీటరు ప్యాకెట్టు మీద ఏజెంటుకు మిగిలేది కొద్ది మొత్తం. అందులో నుంచి వేదిక కమీషను, పంపిణీ కుర్రవాని కూలి పోతే మిగిలేది శూన్యం. కనుక పాల విషయంలో కొనేవారిని కొట్టు దాకా రప్పించడమే లాభం. నెయ్యి, కోవా వంటి ధర గల, నిలవుండే సరుకుకు ఆన్‌లైన్ అమ్మకం పనికిరావచ్చు.

దానికి మార్గాలున్నాయి. వ్యాపారుల కోసం 2018లో వచ్చిన వాట్సాప్ బిజినెస్‌లో సరుకుల పట్టిక, ధరలు పెట్టి, వాడిక ఖాతాదారుల ఆర్డర్లు నేరుగా తీసుకోవచ్చు. కేంద్ర ప్రభుత్వ చొరవతో 2021 డిసెంబరు 31న ఓ.ఎన్.డి.సి. అనే సంస్థ ఏర్పడింది. అందులో ఒక యాపులో నమోదయిన కొట్టు సరుకును మరొక యాపులో వెతికే కొనుగోలుదారు కూడా చూడగలడు. ఒక్క కంపెనీ గుప్పిట్లో దారి ఉండరాదన్నదే దాని ఉద్దేశం. 2023 అక్టోబరు 1 నుంచి, జి.ఎస్.టి. రిజిస్ట్రేషను అవసరమయ్యేంత టర్నోవరు లేని చిన్న వ్యాపారి కూడా, పాన్ నంబరుతో పోర్టల్‌లో నమోదై, నిబంధనలకు లోబడి తన రాష్ట్రంలో ఆన్‌లైన్ వేదికల ద్వారా సరుకు అమ్మవచ్చు.

"గూగుల్ మాత్రం మధ్యవాడు కాదా?" అని సభ్యులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. అదీ ఒక ప్రైవేటు కంపెనీయే. అందుకే ఒక్క చోటనే నమ్ముకోవద్దు. 2004లో మొదలై, స్వచ్ఛందంగా పనిచేసేవారు తయారు చేస్తున్న ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత పటం ఉన్నది. అందులోనూ కొట్టును గుర్తించండి. వాడిక ఖాతాదారుల ఫోను నంబర్లు, వారి సమ్మతితో, కొట్టు పుస్తకంలో వ్రాసి ఉంచండి. ఒక దారి మూసుకుంటే ఇంకొక దారి ఉండాలి. ఖేడా రైతులు నేర్పింది అదే కదా.

సంఘాలు చేయవలసిన పని

ప్రతి సంఘం తమ పాలకవర్గ సమావేశంలో ఈ విషయం చర్చించి తీర్మానం చేయవలసిందిగా కోరుతున్నాము. మీ పరిధిలో మన పాలు అమ్మే కొట్లు, బూత్‌లు, ఇంటింటికీ వేసే ఏజెంట్ల జాబితా తయారు చేయండి. ఫోను బాగా తెలిసిన ఇద్దరు యువతీయువకులను ఎంపిక చేయండి. మన సభ్యుల ఇళ్ళలో చదువుకున్న ఆడపిల్లలు చాలామంది ఉన్నారు, వారికి ఈ పని అప్పగించండి, వారి శ్రమకు తగిన భత్యం ఇవ్వండి. రోజుకు ఒక కొట్టు చొప్పున పూర్తిచేయండి. ధ్రువీకరణకు కంపెనీ వీడియో అడగవచ్చు, ఫోను ద్వారా చేయవచ్చు. యజమాని దగ్గరుండగానే చేయాలి.

నెలకొకసారి, పాల బిల్లులు చెల్లించే రోజున, ఒక్కొక్క కొట్టు పేరు ఫోనులో వెతికి చూడండి. వేళలు సరిగా ఉన్నాయా, ఫోను నంబరు ఎవరైనా మార్చారా, జవాబు వ్రాయని ఫిర్యాదు ఉన్నదా గమనించండి. కొత్తగా వచ్చిన ఖాతాదారులను "మా కొట్టు ఎట్లా తెలిసింది?" అని అడిగి, ఒక పుస్తకంలో వ్రాయమని ఏజెంటుకు చెప్పండి. మూడు నెలలకు ఆ పుస్తకం, ట్రేల లెక్క పక్కపక్కన పెట్టి చూస్తే ఫలితం ఎంతో మీకే తెలుస్తుంది.

చివరగా ఒక మాట. తెర మీద కనబడినంత మాత్రాన పులిసిన పెరుగు తియ్యబడదు. శుభ్రమైన పొదుగు, శుభ్రమైన పాత్ర, వేళకు పోసిన పాలు, మంచి తూకం, మంచి మాట, ఇవి ఎప్పటికీ మొదటివే. మన పాలు మంచివి, మన కొట్టు దగ్గరిది. ఆ రెండూ అవసరమైనవారికి తెలియజేయడమే మిగిలిన పని. ఆ పనికి పెట్టుబడి అక్కరలేదు, పట్టుదల కావాలి. ఊరికి నాలుగు పాడి ఇళ్ళను కూడగట్టి సంఘాలు నిలబెట్టిన మనకు అది కష్టం కాదు.

సంఘాలు తయారు చేసిన కొట్ల జాబితాలను తమ తమ యూనియను కార్యాలయాలకు పంపగలరు. సందేహాలున్నచోట మా సిబ్బంది వచ్చి చేసి చూపగలరని మనవి.

జై సహకార్!